చెల్లో సాధన: మొదటి కమాను నుంచి మొదటి సోలో కచేరీ దాకా

చెల్లో, అంటే కూర్చుని మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లల్ని మొదటి రోజు నేను ఒకే పని చేయమంటాను. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో డి తీగ (దాని నాలుగు తీగల్లో ఒకటి) మీద కమానును ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా లాగమంటాను. మొదట తీగ కీచుమంటుంది, మధ్యలో నాదం తెగుతుంది, చివరికొచ్చేసరికి సన్నబడిపోతుంది. "ఏం వినిపించింది?" అని అడుగుతాను. చాలామంది "బాగుందండీ" అంటారు. ఎవరో ఒకరు కాసేపు ఆలోచించి "మధ్యలో ఊపిరి ఆగినట్టయింది" అంటారు. ఆ రెండో జవాబు ప్రతి పిల్లవాడి నోటా వచ్చేలా చేయడమే గురువు పని. పదిహేనేళ్ల తర్వాత అదే పిల్లవాడు ఆడిషన్‌కు, అంటే ఎంపిక పరీక్షకు, వెళ్తే, తెరకు అవతల కూర్చున్నవాళ్లు ముందు వినేది కూడా ఆ మొదటి కమానునే.

ఈ మధ్యలో నడవాల్సిన దారి గురించి, నేర్చుకునేవాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ పనికొచ్చేలా, వరసగా చెబుతాను.

1. సరిపోయే సైజు

ఫుల్ సైజు చెల్లో పెట్టె (మెడ కాకుండా కింద ఉండే బోలు చెక్క భాగం) పొడవు సుమారు 75 సెం.మీ. హాఫ్ సైజు అంటే అందులో సగం అనుకుంటారు కానీ అది సుమారు 65 సెం.మీ. ఉంటుంది. కాబట్టి పేరు చూసి కాదు, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి చూసి సైజు తేల్చాలి. కుర్చీ అంచున కూర్చుని, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, చెల్లో పై అంచును రొమ్ము ఎముకకు ఆనించుకోవాలి. అప్పుడు సి తీగ బిరడా ఎడమ చెవి వెనకగా, దాదాపు ఆ ఎత్తులోనే రావాలి. మోకాళ్లు చెల్లో పక్కలను తాకాలే గానీ బిగించి పట్టుకోకూడదు. ఇది కుదరకపోతే ముందు కింద ఉండే ఎండ్‌పిన్ పొడవు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే సైజు తప్పన్నమాట.

"ఎలాగూ ఎదుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. బట్టల విషయంలో అది పొదుపే. చెల్లో విషయంలో మాత్రం అందని స్వరం కోసం వేళ్లను సాగదీసే అలవాటు పడుతుంది, భుజం పైకి లేస్తుంది. ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత ఏళ్లు పడుతుంది. ఎదిగే వయసులో సైజు మళ్లీ మళ్లీ మారుతుంది కాబట్టి అద్దెకు దొరికితే అదే మంచి పద్ధతి. ఏదైనా సరే, ఇంటికి తెచ్చే ముందు వాద్యాలు బాగుచేసేవారికి చూపించి తీగల ఎత్తు సరిచేయించండి. తీగ మరీ ఎత్తుగా ఉంటే చిన్న వేళ్లకు నొప్పి పుడుతుంది, పిల్లలు అది తమ చేతకానితనం అనుకుంటారు.

2. ముందు కుడి చెయ్యి

పాటలు తొందరగా రావాలని ఎడమచేతి వేళ్ల మీద పడిపోతారు అందరూ. నా అభిప్రాయం వేరు. చెల్లోకు గొంతు కుడి చేతిలో ఉంది. మొదటి కొన్ని నెలలు సాధన సమయంలో సగమైనా దానికే ఇవ్వాలి.

కమాను బరువు సుమారు 80 గ్రాములు. ఆ బరువు ఒక్కటీ చాలదు కాబట్టి మన చేతి బరువు తోడవ్వాలి. చేతి బరువును తీగ మీద వాల్చడం వేరు, తీగను నొక్కడం వేరు. నిద్రపోతున్న పసిబిడ్డ చెయ్యి మన భుజం మీద ఎంత బరువుగా, ఎంత వదులుగా పడి ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. వాల్చడం అంటే అదీ. నొక్కితే బొటనవేలు బిగుసుకుంటుంది, నాదం నలిగిపోతుంది.

నాదం మూడు విషయాల మీద నడుస్తుంది: కమాను వేగం, దాని మీద పడే బరువు, బ్రిడ్జ్‌కు, అంటే తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్కకు, ఎంత దూరంలో లాగుతున్నామన్నది. ఒకటి మార్చినప్పుడు మిగతా రెండూ సర్దుకోవాలి. బ్రిడ్జ్ దగ్గరికి వెళ్లేకొద్దీ వేగం తగ్గాలి, బరువు పెరగాలి. సి తీగ లావు, కదలడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఎ తీగ మీద లాగిన వేగంతో లాగితే గాలి శబ్దం తప్ప ఏమీ రాదు. ఇవన్నీ మాటలతో రావు, చెవితోనే వస్తాయి.

రోజూ చేయాల్సిన అభ్యాసం ఒకటి చెబుతాను. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టండి. ఖాళీ తీగ మీద ఒక్కో కమానును 4 లెక్కల్లో లాగండి. తర్వాత 8, ఆ తర్వాత 12 లెక్కల్లో. కమాను తిరిగే చోట, అంటే డౌన్ బో అప్ బోగా మారే చోట, వినేవాళ్లకు ఆ మలుపు తెలియకూడదు. నా విద్యార్థుల్లో ఒకమ్మాయికి అది కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. కుదిరిన రోజు ఆ అమ్మాయి వాయించడం ఆపి, తీగ కేసి అలా చూస్తూ ఉండిపోయింది.

3. ఎడమ చెయ్యి

తీగలు మంద్రం నుంచి పైకి సి, జి, డి, ఎ. ఫుల్ సైజు చెల్లోలో తీగ మోగే పొడవు సుమారు 69 సెం.మీ. అందుకే మొదటి పొజిషన్‌లో, అంటే చెయ్యి మెడ పై చివర దగ్గర ఉండే స్థానంలో, చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా దాదాపు 10 సెం.మీ. పరుచుకోవాలి. ఇంత చేసినా దొరికేది మూడు అర్ధస్వరాల (పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న దూరాల) మేరే. ఇంకో అర్ధస్వరం కావాలంటే చెయ్యి విప్పాలి, దాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు. వయొలిన్ వాయించి చెల్లోకు వచ్చినవాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే.

స్వరస్థానం సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి చెల్లోలోనే ఒక సాక్షి ఉంది. ఎ తీగ మీద చిటికెన వేలితో డి స్వరం వాయించి, పక్కనున్న ఖాళీ డి తీగను చూడండి. స్వరం కచ్చితంగా కుదిరితే ఎవరూ తాకకుండానే ఆ తీగ వణుకుతుంది, నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. వెంట్రుకవాసి తప్పినా ఆ తీగ కదలదు. ఫింగర్‌బోర్డ్, అంటే తీగల కింద వేళ్లు ఆనే పలక, మీద అతికించే స్టిక్కర్లు మొదటి కొన్ని నెలలకు పరవాలేదు గానీ, ఆ తర్వాత తీసేయండి. కన్ను చూసుకుంటూ ఉన్నంత కాలం చెవి పని నేర్చుకోదు.

తర్వాతి పెద్ద మెట్టు షిఫ్ట్, అంటే చెయ్యి ఒక పొజిషన్ నుంచి ఇంకో పొజిషన్‌కు జరగడం. దీన్ని నేను ఇలా నేర్పుతాను. ఎ తీగ మీద చూపుడు వేలు బి స్వరం దగ్గర పెట్టండి. అక్కడి నుంచి నాలుగో పొజిషన్‌లోని ఇ స్వరానికి వెళ్లాలి. మెడ చెల్లో పెట్టెను కలిసే వంపు దగ్గర బొటనవేలు ఆనుతుంది, అదే మీ గుర్తు. ముందు వేలి బరువు తగ్గించండి, కానీ తీగను వదలొద్దు. మోచేయి మొదట కదలాలి, వెనకే చెయ్యి రావాలి, చివరికి వేలు. జరుగుతున్నంతసేపూ కమాను ఆపొద్దు, మధ్యలో వచ్చే జారుడు శబ్దాన్ని దాచొద్దు. ఇ స్వరం చేరాక వేలిని నొక్కకుండా తీగకు ఆనీ ఆననట్టు పెట్టి చూడండి. సరైన చోటే ఉంటే గంట కొట్టినట్టు సన్నని హార్మోనిక్ పలుకుతుంది, ఎందుకంటే అది తీగలో సరిగ్గా మూడో వంతు చోటు. పలకకపోతే మళ్లీ బి నుంచి మొదలు. రోజుకు ఇరవైసార్లు, నెమ్మదిగా. వేగం తర్వాత దానంతటదే వస్తుంది.

వైబ్రాటోను, అంటే వేలితో స్వరాన్ని సన్నగా ఊపడాన్ని, స్వరస్థానం కుదిరాకే మొదలుపెట్టాలి. తప్పు స్వరాన్ని ఊపితే తప్పు మాసిపోతుంది, అంతే. థంబ్ పొజిషన్‌లో బొటనవేలిని మెడ వెనక నుంచి పైకి తెచ్చి రెండు తీగల మీద అడ్డంగా పెడతారు. మొదట్లో చర్మం మండుతుంది. రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెడితే కొన్ని వారాల్లో గట్టిపడుతుంది.

4. రోజువారీ సాధన

చిన్నపిల్లలకు 15, 20 నిమిషాలు చాలు, కానీ రోజూ. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చి, దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకుంటే రెండు మూడు గంటలు. సంగీత కళాశాలలో చేరాక నాలుగు గంటల పైమాటే. ఎంతసేపైనా ఒకే బిగిన వద్దు. 45 నిమిషాలకోసారి లేచి పది నిమిషాలు నడవండి.

గంటను ఎలా పంచుకోవాలంటే: పది నిమిషాలు ఖాళీ తీగలు, పదిహేను నిమిషాలు స్కేళ్లు (స్వరాల ఆరోహణ అవరోహణలు), ఒక ఎట్యూడ్ (సాధన కోసమే రాసిన చిన్న రచన), మిగతాది నేర్చుకుంటున్న రచన. రచనను మొదటి నుంచి చివరికి వాయించుకుంటూ పోవడం సాధన కాదు. చేతకాని రెండు బార్లను (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాలను) పట్టుకుని, ఎక్కడ తప్పుతోందో ఒక్క వాక్యంలో చెప్పుకుని, దాన్ని సరిచేయడం సాధన. ప్రసిద్ధ చెల్లో కళాకారుడు యో-యో మా నాలుగేళ్ల వయసులో చెల్లో పట్టినప్పుడు వాళ్ల నాన్న రోజుకు స్వరకర్త బాఖ్ రచనలో రెండు బార్లు మాత్రమే కంఠస్థం చేయించేవారట. తక్కువ తీసుకుని పూర్తిగా సొంతం చేసుకోవడం అంటే అది.

వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వెంటనే వినొద్దు. మర్నాడు, చేతిలో పెన్సిల్‌తో వినండి. వాయిస్తున్నప్పుడు మనం వినేది మనం అనుకున్న సంగీతాన్ని. రికార్డులో వినేది నిజంగా వాయించినదాన్ని.

నొప్పి గురించి గట్టిగా చెప్పాలి. వేలి కొసలు మండటం మామూలే. మణికట్టులో, మోచేయిలో, మెడలో పోటు, వేళ్లలో తిమ్మిరి మామూలు కాదు. ఆ రోజుకు ఆపేయండి, గురువుకు చెప్పండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. పదహారేళ్ల వయసులో పరీక్ష ముందు నేను నొప్పి దాచుకుని వాయించాను. తర్వాత మూడు నెలలు చెల్లో పెట్టె తెరవలేకపోయాను. మీరెవ్వరూ ఆ పని చేయకండి.

5. ఏవి, ఏ వరసలో

ఎట్యూడ్లలో డొట్జావర్ రాసిన 113 వ్యాయామాలు మొదటి పునాది. తర్వాత డ్యూపోర్ రాసిన ఎట్యూడ్లు 21, పాపర్‌వి 40, పియాటి రాసిన 12 కాప్రీస్‌లు (ఎట్యూడ్ల లాంటి కష్టమైన చిన్న రచనలు). పాపర్ దాకా వచ్చేసరికి నొటేషన్‌లో స్వరాల ఎత్తును సూచించే గుర్తుల్లో, అంటే క్లెఫ్‌లలో, బాస్ క్లెఫ్‌తో పాటు టెనర్, ట్రెబుల్ క్లెఫ్‌లు కూడా తడుముకోకుండా చదవగలగాలి. ఈ చదువును వాయిదా వేసేవాళ్లు తర్వాత ఆర్కెస్ట్రాలో ఇబ్బంది పడతారు.

బాఖ్ రాసిన ఆరు సోలో సూట్లు (నాట్య రీతుల భాగాల మాలికలు) చెల్లో వాయించేవాళ్లకు జీవితాంతం ఉండే తోడు. ఆయన స్వయంగా రాసిన ప్రతి మనకు దొరకలేదు. ఆయన భార్య ఆనా మాగ్దలేనా రాసిపెట్టిన నకలు లాంటివే ఉన్నాయి, వాటిలో కమాను గుర్తులు ఒకదానితో ఒకటి కలవవు. అందుకే రెండు మూడు ముద్రణలు పక్కపక్కన పెట్టుకుని, ఏ కమాను ఎందుకో మీ చెవితో తేల్చుకోవాలి. చెల్లో కళాకారుడు పాబ్లో కసాల్స్ పదమూడేళ్ల వయసులో బార్సెలోనాలో ఈ సూట్ల పాత ప్రతిని చూశారు. ఆయన వాటిని బయట వాయించడానికి పన్నెండేళ్లు పట్టింది. రికార్డు చేసింది 1936 నుంచి 1939 మధ్య. మొదటి సూట్‌లోని ప్రెల్యూడ్ (ఆరంభ భాగం) మూడు నెలల్లో "అయిపోయింది" అని చెప్పే పిల్లలకు నేను ఈ సంగతి చెబుతాను.

కన్చెర్టోల్లో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒకరు ప్రధానంగా వాయించే రచనల్లో, సాఁ-సాన్స్ ఎ మైనర్ చాలామందికి మొదటి పెద్ద మెట్టు. హైడన్ సి మేజర్ దాని ముందో వెనకో వస్తుంది. రెండు శతాబ్దాల పాటు పోయిందనుకున్న ఆ రచన 1961లో ప్రాగ్‌లో బయటపడింది, ఇప్పుడు దాన్ని వాయించని విద్యార్థే లేడు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ తప్పును ఎక్కడా దాచనివ్వదు. ఎల్గార్, డ్వోర్జాక్ ఆ తర్వాత. పద్నాలుగేళ్లకే డ్వోర్జాక్ పట్టించే గురువుల్ని చూశాను. ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలన్న ఆరాటంలో పిల్లలు నొక్కడం మొదలుపెడతారు, పైన రెండో అంశంలో కుడి చేతికి కట్టినదంతా కూలిపోతుంది.

6. గురువు

గురువు ఎంత గొప్పగా వాయిస్తారన్నది కాదు, ఆయన విద్యార్థులు ఎలా వాయిస్తున్నారో వినండి. అందరూ ఒకేలా వాయిస్తుంటే ఆలోచించాలి. పాఠం అయ్యాక పిల్లవాడికి ఇంట్లో ఏం చేయాలో స్పష్టంగా తెలుస్తోందా? అదే అసలు పరీక్ష. గురువును మార్చాల్సి వస్తే ముఖాముఖి, మర్యాదగా చెప్పి మారండి. ప్రముఖులు అందరి ముందు పాఠం చెప్పే మాస్టర్‌క్లాసుల్లో విన్న సలహాలన్నీ ఒకేసారి పట్టుకోకండి, ఒక్కటి తీసుకుని మీ గురువుతో మాట్లాడండి.

7. నలుగురితో కలిసి

స్ట్రింగ్ క్వార్టెట్‌లో, అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో ఉండే బృందంలో, చెల్లో అడుగున ఉంటుంది. మిగతా ముగ్గురి శ్రుతి, లయ దాని మీద నిలబడతాయి. ఒంటరి సాధనలో ఎప్పటికీ తెలియని సంగతులు అక్కడ వారంలో తెలుస్తాయి. యూత్ ఆర్కెస్ట్రాలో అవకాశం వస్తే వదులుకోవద్దు. పక్కవాడి కమానుతో మన కమాను కలపడం, కండక్టర్ చేతిని చూస్తూనే నొటేషన్ చదవడం, మన గొంతు ఎప్పుడు తగ్గించాలో తెలుసుకోవడం అక్కడే వస్తాయి.

8. ఆడిషన్

సంగీత కళాశాలలు సాధారణంగా ముందు వీడియో అడుగుతాయి, ఎంపికైనవాళ్లను స్వయంగా రమ్మంటాయి. బాఖ్ సూట్ నుంచి భిన్నమైన రెండు భాగాలు, ఒక కన్చెర్టో మొదటి భాగం, ఒక ఎట్యూడ్ లేదా కాప్రీస్ అడగడం మామూలు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ 1928 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, కాబట్టి డబ్బు లేదని ముందే ఆశ వదులుకోకండి. స్కాలర్‌షిప్ వివరాలు దరఖాస్తు పెట్టేటప్పుడే అడగండి.

ఆర్కెస్ట్రా ఉద్యోగాల ఆడిషన్ వేరే రకం. చాలా చోట్ల మొదటి రౌండు తెర వెనక నుంచే వాయించాలి. బేథోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం, బ్రామ్స్ రెండో సింఫనీ రెండో భాగం, మెండెల్సోన్ స్కెర్ట్జో, డెబుస్సీ "లా మేర్" (సముద్రం) లాంటి రచనల్లోని చిన్న చిన్న ముక్కలు అడుగుతారు. ఆ ముక్కను మాత్రమే కంఠస్థం చేస్తే సరిపోదు. అన్ని వాద్యాల నొటేషన్ ఉండే స్కోర్‌ను ముందు పెట్టుకుని పూర్తి రచనను వినండి. ఆ చోట మిగతా వాద్యాలు ఏం చేస్తున్నాయో తెలిసినవాడి లయ వేరుగా ఉంటుంది, అది తెర దాటి వినిపిస్తుంది.

9. పోటీలు

చైకోవ్‌స్కీ పోటీలో చెల్లో విభాగం 1962లో వచ్చింది, బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పోటీలో 2017లో. గెలుపు కోసమే వెళ్తే చాలామందికి దక్కేది నిరాశే, ఎందుకంటే బహుమతి ఒకరిద్దరికే. ఏడాదికి ఒకటీ రెండు పోటీలు పెట్టుకుని, వాటిని పెద్ద కార్యక్రమాన్ని సిద్ధం చేసుకోవడానికి గడువుగా వాడుకోండి. బ్రిటిష్ చెల్లో కళాకారుడు షెకు కానే-మేసన్ 2016లో షోస్టకోవిచ్ మొదటి కన్చెర్టో వాయించి బీబీసీ యంగ్ మ్యుజీషియన్ పోటీ గెలిచినప్పుడు ఆయనకు 17 ఏళ్లు. ఆ తర్వాత కూడా లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదువు కొనసాగించారు. గెలిచినవాళ్లకు కచేరీలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. పాఠాలు, నిద్ర తగ్గేంతగా ఒప్పుకోవద్దు.

10. వాద్యం, ప్రయాణం, డబ్బు

ఫుల్ సైజు చెల్లో కొనేటప్పుడు మీరు వాయిస్తూ ఒకసారి, ఇంకొకరు వాయిస్తుంటే హాలు వెనక కూర్చుని ఒకసారి వినండి. ఇ, ఎఫ్ షార్ప్ స్వరాల మధ్య ఎక్కడో నాదం గరగరమంటూ వణకవచ్చు. దాన్ని వుల్ఫ్ నోట్ అంటారు. మంచి చెల్లోల్లో కూడా ఉంటుంది, బ్రిడ్జ్ కింద తీగకు చిన్న బరువు తగిలించి తగ్గించవచ్చు. కాబట్టి దాని గురించి మరీ టెన్షన్ పడొద్దు.

విమానంలో చెల్లోకు వేరే సీటు టికెట్ తీసుకోవాలి. ఆ ఖర్చును కచేరీ ఒప్పుకునేటప్పుడే లెక్కలో చెప్పండి, తర్వాత అడగడం కష్టం. మంచి కమానులు పెర్నంబుకో చెక్కతో చేస్తారు, అది 2007 నుంచి అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది. పాత కమాను కొసకు ఏనుగు దంతం ఉంటే సరిహద్దులో ఆపేయవచ్చు. పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి. పారితోషికం, రిహార్సళ్ల సంఖ్య, రికార్డింగ్ హక్కులు చిన్న కచేరీకైనా కాగితం మీద ఉండాలి.

రిహార్సళ్ల సంఖ్య ఎందుకంటే, 1919 అక్టోబర్‌లో లండన్‌లో ఎల్గార్ కన్చెర్టో మొదటి ప్రదర్శన రిహార్సల్ సమయం చాలక దెబ్బతింది. అదే రచనను 1965లో చెల్లో కళాకారిణి జాక్లిన్ డ్యూ ప్రే ఇరవై ఏళ్ల వయసులో రికార్డు చేశాక ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది.

11. మొదటి సోలో కచేరీ

అరవై, డెబ్బై నిమిషాల సంగీతం చాలు. బాఖ్ సూట్ ఒకటి, పియానోతో ఒక సొనాటా (ఒకటి రెండు వాద్యాల కోసం రాసిన, కొన్ని భాగాలున్న రచన), ఈ కాలం రచన ఒకటి, చివర్లో మీరు మనసు పెట్టి ప్రేమించేది ఒకటి. బేథోవెన్ చెల్లో, పియానో కోసం ఐదు సొనాటాలు రాశారు. వాటిలో ఏది తీసుకున్నా పియానిస్టును తోడుగా కాదు, సమానంగా చూడాలి. కనీసం మూడు రిహార్సళ్లు, అందులో ఒకటి కచేరీ జరిగే హాల్లో.

కంఠస్థం విషయంలో చేతిని నమ్ముకోవద్దు, టెన్షన్‌లో మొదట మరిచిపోయేది చెయ్యే. రచనలో పది చోట్లు గుర్తు పెట్టుకుని, ఎక్కడి నుంచి అడిగినా మొదలుపెట్టగలగాలి. కచేరీకి ముందు రెండు వారాల్లో కనీసం మూడుసార్లు, ఇద్దరు ముగ్గురు స్నేహితుల ముందైనా, కచేరీకి వేసుకోబోయే బట్టలు, చెప్పులతోనే మొత్తం కార్యక్రమం వాయించండి.

హాలుకు రెండు గంటల ముందు వెళ్లండి. కుర్చీ ఎత్తు, దీపాలు, నేల చూసుకోండి. నా మొదటి కచేరీలో నేల నున్నగా ఉంది. రెండో బారులోనే ఎండ్‌పిన్ జారి చెల్లో ముందుకు పోయింది. మోకాళ్లతో పట్టి ఆపుతూ ఆ భాగం పూర్తిచేశాను, నాదం మాత్రం బిగుసుకుపోయింది. అప్పటి నుంచి కుర్చీ కాలికి తగిలించే పట్టీ ఒకటి, అదనపు తీగల సెట్టు ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి.

వేదిక మీద కూర్చున్నాక వెంటనే మొదలుపెట్టొద్దు. శ్రుతి చూసుకుని, కమాను తీగ మీద ఆనించి, మొదటి స్వరం మనసులో వినిపించాకే లాగండి. కచేరీ అయ్యాక అభినందనలు తీసుకోండి, నిర్వాహకులకు మర్నాడు కృతజ్ఞతగా నాలుగు మాటలు రాయండి. రికార్డింగ్ మాత్రం వారం ఆగి, గురువు పక్కన కూర్చుని, ఫోన్లు పక్కన పెట్టేసి, మొదటి కమాను నుంచి వినండి.